జపాను కొండదారి – మన పిల్లల బండి

(పాఠశాల పోషకుల వార్షిక సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలో ప్రధానోపాధ్యాయుడు లేచి నిలుచుండినచో పరీక్షా ఫలితములను గూర్చియో, పరరాష్ట్రమున మాతృభాషను నిలుపుకొనవలసిన ఆవశ్యకతను గూర్చియో మాటాడునని మీ రెరుగుదురు. ఆ రెండు విషయములును కార్యదర్శి గారి నివేదికలో సమగ్రముగ వచ్చినవి. కావున నేడు నేను వేరొక ప్రసంగ మెత్తుకొనుచున్నాను. జపాను దేశపు కదలెడి బొమ్మల కథలలో కార్లు కొండ మలుపులందు జారుచు పరుగెత్తు వైనమును గూర్చియు, ఆ పరుగు హైదరాబాదు రస్తాల మీదికిని, అటనుండి మన నాందేడు రస్తాల మీదికిని వచ్చిన తీరును గూర్చియు కొంత మనవి చేసికొందును. ఇది విని కొందరు నవ్వవచ్చును. కొంత సేపు విన్న పిమ్మట నవ్విన నాకు అభ్యంతరము లేదు.

తొమ్మిది, పది తరగతుల బాలుర నోటుపుస్తకముల వెనుక అట్టలపై ఒకే కారు బొమ్మ పదే పదే కనబడుచున్నది. నలుపు తెలుపుల చిన్న కారు. తలుపుమీద జపాను లిపిలో ఏదో వ్రాత. ఆ వ్రాత పందెపు బండి పేరు కాదు, ఒక దుకాణము పేరు. సోయా గింజల పాలను విరిచి, మన పనీరువలె ముద్దగట్టి అమ్ము దుకాణ మది. ఆ పదార్థమును వారు తోఫు అందురు. శాతవాహనులను గూర్చి అడిగినప్పుడు పెదవి కదపని బాలురు ఈ బండిని గూర్చి అరగంట సేపు ఏకధాటిగ చెప్పినారు. వారు చెప్పినదానిని నేను తరువాత చూచి, చదివి, సరిచూచుకొంటిని.

ఆ కథ పేరు ఇనిషియల్ డి. షూయిచి షిగెనో అను చిత్రకారుడు దానిని 1995 నుండి 2013 వరకు ఒక వారపత్రికలో బొమ్మల కథగా నడిపెను. 1998లో అది టెలివిజనుకు కదలెడి బొమ్మల కథగా వచ్చినది. ఇట్టివానిని నేడు యానిమే అనుచున్నారు. కథానాయకుడు టకుమి ఉన్నత పాఠశాల విద్యార్థి. అతని తండ్రి బుంటా తోఫు దుకాణదారు. దినదినము తెల్లవారకముందే కొండమీది హోటళ్లకు సరుకు చేర్చి రావలెను. తోఫు మెత్తని పదార్థము. బండి కుదిపినచో చిట్లిపోవును. అందుచే తండ్రి బండిలో ఒక గ్లాసు నీరు పెట్టి, నీరు తొణకకుండ నడిపి రమ్మని కొడుకునకు చెప్పును. ఆ దారిలో ఏండ్ల తరబడి అట్లు తిరిగిన పిల్లవాడు ఒకనాడు పేరుమోసిన పందెగాండ్రను తన పాత బండితో ఓడించును. కథలో కొండ పేరు అకినా. అది గున్మా అను మండలములోని హరునా పర్వతమునకు మారుపేరు. బండి 1983, 1987 నడుమ టొయోటా వారు చేసిన ఎ.ఇ. 86 అను రకము. దాని ఇంజను 1.6 లీటర్లది, బరువు టన్నునకు లోపు. అనగా అది గొప్ప బండి కాదు, గొప్పతనమంతయు చేతిది.

ఇది మంచి కథ యనియే నా అభిప్రాయము. మగ్గముపై కూర్చున్న పెద్దలు మనలో ఎందరో కలరు. పోగు తెగకుండ నాడె విసరుట ఏ పుస్తకములోను దొరకదనియు, వేలసారులు విసరిన చేతికే అది వచ్చుననియు వారికి నేను చెప్పనక్కరలేదు. ఆ గ్లాసు నీరును అట్టిదే. కాని మన బాలురు ఆ కథ చెప్పునపుడు గ్లాసును గూర్చి ఒక్కడును ప్రస్తావింపలేదు. నేను అడిగిన పిమ్మట, ‘ఔను సార్, అదియు కలదు’ అనినారు. వారికి కంటికి ఆనినది మలుపు వద్ద టైర్లు అరచుచు, పొగ లేచుచు, బండి తోక ప్రక్కకు జారుట మాత్రమే.

మరియొక అంశము తల్లిదండ్రులకు మిక్కిలి ముఖ్యమైనది. కథలో ఆ పిల్లవాడు బండి నడుప మొదలుపెట్టునప్పటికి వానికి పదమూడేండ్లు. జపానులో కారు లైసెన్సునకు పదునెనిమిదేండ్లు నిండవలెను. ఆ తండ్రి చేసినది వారి దేశమునందును నేరమే. కథలో ఆ పిల్లవాడు ఎవరిని గ్రుద్దడు, పోలీసువారు పట్టరు, చీకటి దారిలో ఎదురుగా పాలబండి రాదు. గీయువాని చేతిలో కలముండగా ఎదురు బండి యెందులకు వచ్చును? ఆ యానిమేను నిర్మించినవారే, ఇందలి వాహన చోదనము కల్పితమనియు, రస్తామీద నిబంధనలను పాటింపుడనియు తెరపై వ్రాసి చూపినారు. మన పిల్లలు సెల్‌ఫోనులో చూచు నిమిషపు తునుకలలో ఆ వ్రాత యుండదు.

ఇక ఈ జారుడు అనగా నేమి? ఆంగ్లములో దీనిని డ్రిఫ్టింగు అందురు. కారును దారిమీద నిలుపునది నాలుగు టైర్లు నేలను పట్టుకొనెడి పట్టు మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు ఇంచుమించు మన అరచేయి యంత. వెనుక చక్రముల వద్ద ఆ పట్టును కావలెనని విడిపించి, బండి తోక ప్రక్కకు జారుచుండగా ముందు చక్రములను మలుపునకు ఎదురుదిశకు త్రిప్పి, వేగమును పెంచుచు తగ్గించుచు ఆ జారుడును తన చెప్పుచేతలలో ఉంచుకొనుటయే ఈ విద్య. దీనికి సాధారణముగ వెనుక చక్రములకు ఇంజను బలము చేరు బండి కావలెను. మన యిండ్ల ముందున్న చిన్న కార్లలో పెక్కింటికి ఆ బలము ముందు చక్రములకు చేరును. వాటి హాండ్‌బ్రేకు లాగినచో బండి గిరుక్కున తిరుగును గాని ఆ జారుడు చేతికి చిక్కదు. మోటారుసైకిలు మాట వేరుగ చెప్పవలెనా? తారురోడ్డుపై రెండు చక్రముల బండికి పట్టు తప్పినచో సామాన్యునికి మిగులునది పడుటయే. ఇంకొక విశేషము: పొడి రోడ్డుపై జారుచు పోవువానికంటె పట్టు విడువక మలుపు తిరిగినవాడే త్వరగ పోవును. అందుచేతనే జపానువారి డ్రిఫ్టింగు పోటీలలో ఎవరు ముందు వచ్చిరని చూడరు. జారుడు ఎంత ఏటవాలుగ ఉన్నది, ఎంత నిలకడగ సాగినది అని చూచి, మనము వ్యాసరచనకు వేసినట్లు మార్కులు వేయుదురు.

వేగమునందు ఆసక్తి మనకు పరాయి సరకు కాదు. భారతములోని నలోపాఖ్యానమును స్మరింపుడు. బాహుకుని రూపములో నున్న నలుడు ఋతుపర్ణ మహారాజును అయోధ్యనుండి మన పొరుగున గల విదర్భకు ఒక్క దినములో చేర్చవలసి వచ్చెను. దారిలో రాజు ఉత్తరీయము జారి క్రింద పడినది. రథమాపి తెప్పింపుమనగా, అది యోజన దూరము వెనుకబడినదని బాహుకుడు చెప్పెను. ఇంతవరకు మన పిల్లలకు చెప్పినచో కన్నులు పెద్దవి చేసికొని విందురు. తరువాతి కథనే నేను నొక్కి చెప్పుచుందును. రాజు ఒక తాండ్రచెట్టు కాయలను ఆకులను చూపుమాత్రమున లెక్కించి చెప్పగా, నలుడు రథమును నిలిపి, దిగి, ఆ లెక్క నిజమగునో కాదో పరీక్షించెను. రాజు తొందరపడినను విడువలేదు. అంత వేగమున పోవుచున్న రథమును కావలసిన చోట నిలుపగలిగినాడు గనుకనే అతడు సారథి. అతనికి ఆ దుర్దశ పట్టినది జూదమువలన నని మరువరాదు. మన తెలుగున పందెమనినచో పరుగునకును పేరే, ఒడ్డిన ధనమునకును పేరే. రాత్రివేళ నగరములలో జరుగు బండి పందెములలో ఈ రెండర్థములును ఒక్కచోట కలియుచుండును.

మన జిల్లాలో మాళేగావ్ ఖండోబా జాతరకు పోయి గుర్రములను చూడనివారు అరుదు. ఎడ్లబండి పందెముల విషయమున ఈ రాష్ట్రమున ఎంత వివాదము జరిగినదో మీ రెరుగుదురు. 2014లో సర్వోన్నత న్యాయస్థానము నిషేధించినది. 2021 డిసెంబరులో షరతులతో అనుమతించినది. 2023 మే నెలలో రాజ్యాంగ ధర్మాసనము మహారాష్ట్ర చేసిన చట్టమును నిలిపినది. ఎడ్లు పరుగెత్తుటకే ఇంత విచారణ జరిగి, ఎక్కడ, ఎట్లు పరుగెత్తవలెనో నియమము లేర్పడినవి.

జపానులోను అట్లే జరిగినది. కునిమిత్సు తకహాషి అను నతడు 1961లో పశ్చిమ జర్మనీలో మోటారుసైకిలు గ్రాండ్ ప్రి పందెమును గెలిచి, ఆ గౌరవము పొందిన తొలి జపానీయుడయ్యెను. మరుసటి యేడే మాన్ ద్వీపపు పందెములో పడి తీవ్రముగ గాయపడెను. కోలుకొని కార్ల పందెములకు మరలి, 1970ల నాటికి మలుపులలో బండిని జార్చి నడుపు పద్ధతికి పేరుపొందెను. అది జనసంచారము లేని, కంచె వేసిన పందెపు బాటలమీద. అతనిని చూచి ఉత్సాహపడినవాడు 1956లో నగానో మండలములో జన్మించిన కెయిచి త్సుచియా. ఇతడు కొండదారులమీద తనకుతానే సాధన చేసెను. 1987లో వెలువడిన ఇతని కొండదారి వీడియో ఈ విద్యను దేశమంతట ప్రచారము చేసినది. ఇనిషియల్ డి యానిమేకు సలహాదారు కూడ ఇతడే. కొండదారిమీద అతడు చేసినదానిని నేను సమర్థింపను. కాని అతడు అక్కడనే నిలిచిపోలేదు. పందెపు బాటలకు వచ్చి, క్రిందితరగతి పోటీలనుండి మెట్టు మెట్టుగ ఎక్కెను. 1995లో ఫ్రాన్సు దేశపు లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెములో గురుతుల్యుడైన తకహాషితో ఒకే బండిని వంతులవారీగ నడిపి, అకిరా ఈదా మూడవవాడుగ, తమ తరగతిలో ప్రథమస్థానము పొందినారు. అప్పటికి తకహాషి వయస్సు ఏబదియైదు. నా యీడువాడని నాకు కొంచెము గర్వముగ నున్నది. 2001 నుండి డి1 గ్రాండ్ ప్రి అను పేర డ్రిఫ్టింగునకు వేరుగ పోటీలే జరుగుచున్నవి. 2017లో అంతర్జాతీయ మోటారు సమాఖ్య తోక్యోలో ప్రపంచస్థాయి పోటీ జరిపినది.

మిగిలిన వందలాది యువకుల మాట యేమి? హరునా కొండదారిలోని కొన్ని చోట్ల వేగమును తగ్గించుటకు రోడ్డుమీద మిట్టలు వేయవలసి వచ్చినది. తమాషా యేమనగా, ఆ కొండ పాదమున నున్న షిబుకావా పట్టణమువారే ఇనిషియల్ డి బొమ్మలను మురుగుకాలువ మూతలమీద అచ్చువేయించి యాత్రికులను రప్పించుకొనుచున్నారు. కథవలన వచ్చు ఆదాయము కావలెను. కథలోని పని మాత్రము కూడదు. లోకమిట్లే ఉండును.

ఈ కథకు ముందే ఆ దేశమున మోటారుసైకిళ్ల మూకల బెడద యుండెను. వారిని బోసోజోకు అనిరి. అకిరా అను ప్రసిద్ధ యానిమే చిత్రములో, 1988 నాటిది, కనబడు బండ్ల మూక ఆ నిజమైన మూకల ఛాయయే. 1980ల తొలినాళ్లలో వారి సంఖ్య నలుబదివేలకు పైబడినది. అప్పుడు ఏమి చేయవలెనని తల్లిదండ్రులే కూర్చుండి ఆలోచించినారు. 1982లో ఉన్నత పాఠశాలల తల్లిదండ్రుల ఉపాధ్యాయుల జాతీయ సమాఖ్య ఒక తీర్మానము చేసినది. పిల్లలను మోటారుసైకిలు లైసెన్సు తీసికొననీయము, కొననీయము, నడుపనీయము అని అందలి సారము. అచ్చట పదునారేండ్లకే మోటారుసైకిలు లైసెన్సు దొరకును. అనగా చట్టమిచ్చినదానిని కూడ తల్లిదండ్రులు వద్దనినారు. అది చాల కఠినమని వాదించినవారు కలరు. దూరపు పల్లెల పిల్లలకు కష్టమైనది. చాటుగ నడుపుటయు కలిగినది. గున్మాకు పొరుగుననున్న సైతామా మండలమున 2019లో ఆ నిషేధమును విడిచి, పాఠశాలకు తెలిపి, భద్రతాశిక్షణ పొంది నడుపు పద్ధతి తెచ్చినారు. నాకు ఈ రెండవ పద్ధతియే మేలని తోచును; కాని అది లైసెన్సు వయస్సు వచ్చినవారి సంగతి. మన పాఠశాలలో ఆ వయస్సు వచ్చినవా డొక్కడును లేడు.

ఇక మన భాగ్యనగరము. మనలో పెక్కుమందికి అచ్చట బంధువులున్నారు. పదవ తరగతి ముగియగనే ఇంటరునకో ఇంజనీరింగునకో పిల్లలను అచ్చటికి పంపుట మనలో వాడుక. ఆ నగరమును చుట్టి 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి కలదు. ఎనిమిది వరుసల విశాలమైన బాట. దానిమీద ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. అయినను 2011 సెప్టెంబరులో ఆ దారిమీద మోటారుసైకిలు ప్రమాదమున భారత క్రికెట్ జట్టు మాజీ నాయకుడు మహమ్మద్ అజారుద్దీన్ గారి పందొమ్మిదేండ్ల కుమారుడును, వెంటనున్న పదునారేండ్ల బంధువును మరణించినారు. బండి వెయ్యి సీసీల శక్తి గలది. అది పందెమని ఎవరును చెప్పరాదు, వేగము చాలును. ఆ తండ్రి మైదానమున ఎన్నో ఓటములను చూచినవాడు. ఆనాటి ఆయన ముఖచిత్రము పత్రికలలో చూచినవారు మరువలేరు.

2021 సెప్టెంబరు 10న నటుడు సాయి ధరమ్ తేజ్ దుర్గం చెరువు తీగల వంతెన సమీపమున మోటారుసైకిలుపై పోవుచుండగా బండి జారి పడెను. అచ్చట రోడ్డుమీద ఇసుక యున్నదని వార్త. తలకు హెల్మెట్ ఉన్నందున ప్రాణము దక్కినది. కొన్ని వారములు చికిత్స కావలసి వచ్చినది. ఇదియు జారుడే. తెరపైని జారుడునకు, ఈ జారుడునకు గల తారతమ్యమును మీ పిల్లలతో మాటాడుడు. వారికి ఈ నటుడు తెలియును.

రాయదుర్గం పరిసరములలోని ఐ.టి. కార్యాలయముల నడుమ ఖాళీ రోడ్లమీద వారాంతపు రాత్రులు బండ్ల పందెములు, ముందు చక్రము పైకెత్తు విన్యాసములు జరుగుటయు, పోలీసువారు పలుమారులు దాడిచేసి బండ్లను స్వాధీనపరచుకొనుటయు పత్రికలలో వచ్చుచునే యున్నది. 2025 ఫిబ్రవరిలో శంషాబాదు వద్ద ఆ వలయ రహదారిమీదనే కార్లను గిరగిర త్రిప్పి ఆటలాడిన యువకులు కెమెరాలకు చిక్కి అరెస్టయినారు. అదే నగరమున 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరమున ఫార్ములా ఇ పందెము జరిగినది. విద్యుత్తుతో నడుచు కార్లు, 2.8 కిలోమీటర్ల బాట. ఫ్రాన్సువాడైన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. రస్తా అదియే, తారు అదియే. కాని ఆనాడు ఇరుప్రక్కల కాంక్రీటు గోడలు నిలిపినారు, రాకపోకలు ఆపినారు, వైద్యులు సిద్ధముగ నుండిరి. నడుపువారు పసితనమునుండి పందెపు బాటలమీద పెరిగినవారు. సికింద్రాబాదులో జన్మించిన తమిళ నటుడు అజిత్ కుమార్ గారు 2025 జనవరిలో దుబాయి ఇరువదినాలుగు గంటల పందెమున పాల్గొనగా వారి జట్టు తన తరగతిలో మూడవస్థానము పొందినది. ఆయనకు అప్పటికి ఏబదిమూడేండ్లు. వేగముపై మోజు తీరని పిల్లవానికి చెన్నై వద్ద ఇరుంగాట్టుకోట్టైలో బాట యున్నది, శిక్షణ యున్నది. ఖర్చు అధికమే, కాలు విరిగిన ఖర్చు అంతకంటె అధికము.

ఇప్పుడు మన యూరు. అకోలానుండి హింగోలి, నాందేడు, దెగ్లూరు మీదుగ సంగారెడ్డి పోవు 161వ జాతీయ రహదారి మన ముంగిటనే యున్నది. దెగ్లూరు నాకా దాటిన పిమ్మట ఆదివారము ఉదయము మీరు ఒక అరగంట నిలిచి చూచినచో, ముగ్గురేసి పిల్లలు ఒక బండిమీద కూర్చుండి, వెనుకవాడు సెల్‌ఫోను పట్టుకొని చిత్రము తీయుచు పోవుట కనబడును. ఏ పాఠశాల పిల్లలని నన్ను అడుగవలదు. అన్ని పాఠశాలలవారును ఉన్నారు.

గణితోపాధ్యాయుని వద్ద లెక్క వేయించితిని. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. అడ్డము చూచి బ్రేకు మీద కాలు పడుటకు ఒక సెకను. పిమ్మట మంచి బ్రేకులతో పొడి రోడ్డుపై ఆగుటకు ఇంచుమించు 20 మీటర్లు. మొత్తము 37. వేగము 120 అయినచో మొత్తము ఇంచుమించు 113 మీటర్లు. వేగము రెండింతలు కాగా ఆగెడి దూరము మూడింతలైనది. ఆ 113 మీటర్లలో మేక రావచ్చును, ముసలమ్మ రావచ్చును, వరి గడ్డి బండి రావచ్చును. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినారు. ప్రతి పది మరణములలో ఏడింటికి కారణము అతివేగమని వ్రాసినారు. హెల్మెట్ లేక మరణించినవారు ఏబదివేలకు పైమాటే.

చట్టమును గూర్చి కొందరు పోషకులకు సరిగ తెలియదు. గేరు బండికి, కారుకు పదునెనిమిదేండ్లు నిండవలెను. ఏబది సీసీలు మించని గేరులేని బండికి పదునారు చాలునని యున్నది గాని, అట్టి పెట్రోలు బండ్లు నేడు అంగళ్లలో దొరకుట అరుదు. మీ యింటి స్కూటీ నూరు సీసీలకు పైనున్నది. గంటకు 25 కిలోమీటర్లు మించని చిన్న విద్యుత్ స్కూటర్లకు మాత్రము లైసెన్సు అక్కరలేదు. రస్తాపై పందెము నడుపుట 1988 మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను క్రింద నేరము; మూడు నెలల వరకు జైలు గాని, అయిదువేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని. ఇంతకంటె మీరు గుర్తుంచుకొనవలసినది 2019 సవరణలో చేరిన 199ఎ సెక్షను. మైనరు బాలుడు బండితో నేరము చేసినచో దోషి వాని సంరక్షకుడు, లేక బండి యజమాని. మూడేండ్ల వరకు జైలు, ఇరువదియైదువేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఒక సంవత్సరము రద్దు. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు. నాకు తెలియకుండ తీసికొనిపోయినాడని చెప్పవచ్చును. కాని దానిని నిరూపించు భారము మీదే.

పూనా కల్యాణినగరులో 2024 మే 19న పదునేడేండ్ల బాలుడు నడిపిన విలువైన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించిన సంగతి మీరందరును చదివినదే. బాల న్యాయ మండలి మొదట బెయిలు షరతులలో ఒకటిగ మూడువందల మాటల వ్యాసము వ్రాయుమనినది. దేశమంతయు మండిపడినది. ముప్పది సంవత్సరములుగ వ్యాసములు దిద్దుచున్నవాడనుగాన నాకును ఆనాడు కలము పట్టుటకు సిగ్గు కలిగినది. తరువాత ఆ బాలుని తండ్రిని అరెస్టు చేసినారు. అది డ్రిఫ్టింగు కాదు, పందెము కాదు. తాళపుచెవి ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదన్నదే అచ్చటి ప్రశ్న.

మీ కష్టము నేనెరుగుదును. ఉస్మాన్ షాహీ మిల్లు నడచిన దినములలో మన పెద్దలు కాలినడకన పనికి పోయి వచ్చినారు. పిల్లలు పాఠశాలకు నడచినారు. మిల్లు మూతపడినది, ఊరు పెరిగినది. ట్యూషను ఒక మూల, ఇల్లు ఒక మూల. తండ్రి దుకాణము విడిచి రాలేడు. తల్లికి బండి రాదు. ఆటోకు దినమునకు ఇంత యని లెక్క. అందుచే పిల్లవాడు అడుగకముందే తాళపుచెవి చేతికి వచ్చుచున్నది. ఆడపిల్లలకును అంతే. ఒక పోషకులు నాతో, ‘మా వాడు చాల బాగుగ నడుపును, సార్’ అని సంతోషముతో అనినారు. నడుపును, నిజమే. బుంటా కొడుకును బాగుగనే నడిపినాడు. కాని బుంటా వలె గ్లాసు నీరు పెట్టి పంపినవారు మనలో ఎవరు? పెట్టినను పదునైదేండ్ల వానికి అది పరిహారము కాదు.

కావున ఉపాధ్యాయుల సమావేశమున చర్చించి కొన్ని ఏర్పాట్లు చేసితిమి. వచ్చు విద్యాసంవత్సరము మొదలు విద్యార్థులు మోటారు బండ్లను పాఠశాల ఆవరణలో గాని, ద్వారము నెదుట గాని నిలుపరాదు. ప్రక్క సందులో నిలిపి నడచి వచ్చువారి పేర్లు కూడ నా కందును. అట్టివారి తల్లిదండ్రులను పిలిపింతుము, పిల్లలను బయట నిలువబెట్టము. సైకిళ్లకు రేకుల కప్పు వేయించుటకు కార్యవర్గము అంగీకరించినది. ఒకే వీధినుండి వచ్చు పిల్లలకు కలిపి ఆటో కుదుర్చుటకు తరగతి ఉపాధ్యాయులు జాబితాలు వ్రాయుచున్నారు; సభ ముగిసిన పిమ్మట వరండాలో మీ వీధి పేరు వ్రాయించిపొండు. పదవ తరగతి ముగించి హైదరాబాదు పోవు పిల్లల తల్లిదండ్రులతో నేను వేరుగ మాటాడదలచితిని. అచ్చట మేనమామ బండి, స్నేహితుని బండి యని చేతికి వచ్చునవి అనేకము.

యానిమే చూడవలదని మాత్రము నేను చెప్పను. ఒకనాడు మీరు కూడ వారి ప్రక్కన కూర్చుండి చూడుడు. గ్లాసు నీరు వచ్చు ఘట్టము వద్ద సెల్‌ఫోను ఆపించి, ఇది యేమిరా యని అడుగుడు.

రేపటి క్రీడలలో నెమ్మది సైకిలు పందెమును మరల చేర్చితిమి. పూర్వము ఇది మన పాఠశాలలలో ప్రియమైన ఆట; నడుమ మానివేసినారు. ఇరువది గజముల దూరము. కాలు నేలకు ఆనరాదు. అందరికంటె చివర వచ్చినవానికే బహుమతి. నిన్న అభ్యాసమున మోటారుసైకిలు శూరులు అయిదు గజములు పోకమునుపే ప్రక్కకు ఒరిగినారు. ఏడవ తరగతి బాలిక యొకతె చివరిదాక నిలిచినది. ఉదయము ఎనిమిదిగంటలకు మొదలగును. మీరందరును వచ్చి చూడవలెనని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.